చీటీ నంబరు రెండువందల పద్నాలుగు

సరుబుజ్జిలి దాటి కొంత దూరం పోతే
మట్టి గట్టొకటి వంపు తిరిగి పడుకుని ఉంటుంది.
ఊళ్ళోవాళ్ళు దాన్ని కోట అంటారు.
రాయి లేదు, బురుజు లేదు, తలుపు లేదు.
ఎక్కి చూస్తే అటు చెరకు, ఇటు నువ్వుచేను,
మధ్యలో ఎవరివో నాలుగు మేకలు.

ఆ ఏడు తవ్వకాల్లో నేను చీటీలు రాసేవాణ్ణి.
రోజుకి రెండొందల ఎనభై, తాటాకు పందిరి, విరిగిన కుర్చీ.
గుంట నంబరు, లోతు, తేదీ, దొరికిందేమిటో.
నల్లపెంకు. ఎర్రపెంకు. నలుపూ ఎరుపూ కలిసిన పెంకు.
పూస, సగం. ఎముక, మేకదే కావచ్చు.
రెండువేల ఏళ్ళు నా వంకర చేతిరాతలో
రబ్బరు బ్యాండు చుట్టుకుని సంచుల్లోకి దిగేవి.

టీ వేళకి సారు చెప్పేవారు:
గ్రీకువాడొకడు ఈ తీరాన్ని పటంలో ఎక్కించాడట,
"పలూర" అని ఒక రేవు పేరు రాసుకున్నాడట.
పళ్ళ ఊరేమో, మన దంతపురమేమో,
కాకపోవచ్చు కూడా, అంటూ బిస్కెట్టు ముంచుకునేవారు.
ఇక్కణ్ణుంచే బుద్ధుడి పన్నుని కొప్పులో దాచుకుని
రాజుగారి కూతురు సింహళం ఓడ ఎక్కిందని కథ.

జల్లెడ ఆపి అసిరమ్మ నవ్వింది:
"పన్నట్టుకుని ఎల్లిపోతే
ఊరు బోసినోరైపోదేటి బాబూ!"

ఆమె మొగుడు దాలయ్య చెన్నైలో
పద్నాలుగో అంతస్తుకి కాంక్రీటు మోస్తున్నాడు.
ఈ నేల మనుషులు సముద్రం దాటి
పరాయి ఊళ్ళెన్నో కట్టారని సారు అంటే
"కట్టినోలు ఉండరు గదా అందల" అంది, చెయ్యి దులుపుకుని.
సారు ఆ మాట రాసుకోలేదు.
నేనూ రాయలేదు, చీటీలో దానికి గడి లేదు.

మా వైపు గొయ్యినీ గుంటంటారు, ఆడపిల్లనీ గుంటంటారు.
నాలుగో గుంట అంచున అసిరమ్మ గుంట పోలి, ఏడేళ్ళది,
కాళ్ళు వేలాడేసుకుని కూర్చునేది
ఊగుతున్న పన్నుని నాలుకతో తోస్తూ.

ఆ గురువారం జల్లెడలో తెల్లగా ఒకటి ఆగింది.
మొక్కజొన్న గింజంత కూడా లేదు.
సారు మోకాళ్ళ మీద కూలబడ్డారు.
బ్రష్షు, భూతద్దం, పక్కన స్కేలు పెట్టి ఫోటో.
"మనిషిదే. పసిబిడ్డది. దంతపురంలో దంతం!"
ఆయన గొంతు వణకడం అదే మొదటిసారి వినడం.

తలెత్తి చూశాను.
పోలి నోరు మూసుకుని ఉంది. మరీ గట్టిగా.
అసిరమ్మ నన్ను చూసింది, జల్లెడని చూసింది.
పొద్దున్న రాలిందట. పేడలో పెట్టి
ఇంటిమీదికి విసరమని చెప్పిందట తల్లి.
పనికి వేళ మించిపోయి పిల్ల దాన్ని గుప్పిట్లోనే తెచ్చుకుంది,
గుప్పిట ఎక్కడో తెరుచుకుంది.

చెప్పాలి. నాలుక చివరిదాకా వచ్చింది.
సారు అప్పటికే దూదిలో చుడుతున్నారు,
నిద్రపోయిన బిడ్డని చంకలోంచి దింపుతున్నట్టు.
రాశాను. గుంట నాలుగు. లోతు మీటరూ నలభై.
మనిషి పన్ను, పాలపన్ను. కాలం...
అక్కడ కలం ఆగింది.
ప్రశ్నార్థకం పెట్టాను.
ఆ చీటీ మొత్తంలో నిజం అదొక్కటే అనుకుంటాను.

వానలొచ్చాయి. గుంటలు పూడ్చేశారు.
సంచులు లారీ ఎక్కి వెళ్ళిపోయాయి,
ఏ ఊరో చెప్పారు, మర్చిపోయాను.
పూడ్చినచోట ఆ ఏడు నువ్వులు కాస్త ఏపుగా వచ్చాయి.
పోలికి కొత్త పన్ను వంకరగా మొలిచింది.
గట్టు మీద సైకిల్ తొక్కుతూ బడికి పోతుంది,
నన్ను చూడగానే పెదాలు బిగిస్తుంది,
పది గజాలు దాటాక వెనక్కి తిరిగి పళ్ళన్నీ చూపిస్తుంది.

మొన్న సంతలో అసిరమ్మ కనబడి అడిగింది,
ఉల్లిపాయలు ఏరుతూ, మొహం ఎత్తకుండానే:
"ఆ పన్నుకిప్పుడు వయసెంతని సెప్తన్నారు బాబూ?"
రెండువేలు దాటి ఉంటుందన్నాను.
"అమ్మో" అంది.
"ఇంకా ఇంటిమీదెయ్యనేదు గదా."